ముహూర్తానికి ఖాళీ అయిన ఇల్లు

లెటర్‌కెన్నీ, ఐర్లండ్,
నవంబరు 2010

చి.ల.సౌ. నాగరత్నానికి కొండల్‌రావు ఆశీర్వదించి రాసేది. ఇక్కడ చరిత, అల్లుడు, నేను బాగున్నాం. అక్కడ నీ మోకాళ్లు కూడా మాట వింటున్నాయని తలుస్తాను.

ముందు సంతోషం చెప్పనీ! మనవరాలు వర్షిత నడుస్తోంది! సోఫా వదిలేసి తప్పటడుగులతో వచ్చి నా ఒళ్లో పడింది. చిన్నపిల్లాడిలా ఎగిరాననుకో! కొత్త ఇల్లు ఎంత కలిసొచ్చిందో!

"అక్కడ మీ ఈడువాళ్లున్నారా?" అని అడిగావు. ఇప్పుడు ఎక్కువగా ఉన్నది మా ఈడువాళ్లే. పనులు పోయి ఈ ఊళ్లో ఇరవై దాటిన పిల్లలు ఆస్ట్రేలియా పోతున్నారు. ముప్పై దాటి, పిల్లల్ని బడిలో వేసినవాళ్లు ఎలాగో నిలబడ్డారు. నాలాంటి ముసలివాళ్లు మనవలను ఎత్తుకోవడానికి దిగుతున్నారు. డబ్లిన్ పక్క లూకన్‌కైతే మన ఇరవైల పిల్లలే చదువులకని వస్తున్నారట.

మన ఇంటి ఓనరు డెక్లన్ కూడా అలా పోయినవాడే. తాపీపని లేక ఇల్లు మనకు అద్దెకిచ్చి పెర్త్ వెళ్లాడు. ఇంటికి ఆనించి తల్లి మేరీకి ఒంటిగది కట్టాడు. ఆమె అందులోనే ఉంటుంది.

ఇక నీకు చెప్పని మాట. తల్లితో ఇంకో వారం గడిపి ఇల్లు ఖాళీ చేస్తానన్నాడు డెక్లన్. నేనే మొండికేశాను.

"మూఢం వస్తుంది బిడ్డా. గురువారమే పాలు పొంగియ్యాలె" అన్నాను చరితతో.

"ఆయన వాళ్లమ్మతోని ఉంటా అంటున్నడు గద బాపూ!"

"వారంల ఏమైతది? అడుగు."

అడిగింది. డెక్లన్ నవ్వి "గ్రాండ్" అన్నాడు, అంటే ఇక్కడివాళ్ల మాటలో సరే అని. ఒంటిగదిలో ఇద్దరికి చోటు లేక టికెట్టు ముందుకు జరుపుకున్నాడు. కారణం తల్లికి చెప్పలేదు, మనమీద కోపం పెట్టుకుంటుందనేమో.

కొడుక్కి తన దగ్గర వారం ఉండటమే బరువైందని మేరీ కుమిలిపోయింది. అతను పెర్త్ నుంచి ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. ఆ మాట చరిత చెప్పినప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు, రత్నం.

మొన్న ఆదివారం జరిగింది చెప్పేద్దామని చరితను వెంటబెట్టుకుని మేరీ దగ్గరికి వెళ్లాను.

"ఇల్లు ఖాళీ చెయ్యుమంటే ఏం జేస్తవ్ బాపూ?" అంది దారిలో.

"అననియ్యి."

అంతా విన్నది మేరీ. మంచిరోజు ఎవరికని అడిగింది. చరిత తెలుగులో చెప్పకముందే నాకర్థమైంది.

ఇల్లు ఖాళీ చేయమనలేదు. నన్ను పలకరించడం మానేసింది. కానీ రోజూ పొద్దున్నే కొడుకుతో ఫోన్‌లో మాట్లాడుతుంది, నవ్వుతుంది. గోడ ఇవతలికి వినిపిస్తుంది. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఆ కాసేపు టీవీ ఆపేసి వింటున్నాను.

ఇట్లు,
చరిత బాపు
కొండల్‌రావు