ఖమ్మం చేరని డబ్బా

మరైగూడ,
ఆదివారం.

లలితకు,

ఇక్కడ అమ్మ, పూనం, నేను, రెండు మేకలు, తొమ్మిది కోళ్ళు, అందరం బాగానే ఉన్నాం. నువ్వూ జోగే వదినా హైదరాబాదులో బాగున్నారని, మందు ఎక్కించిన రోజు వచ్చే చలి ఈసారి తగ్గిందని అనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. నీ ఉత్తరాన్ని గురువారం కేసా తన జీపులో భద్రాచలం నుంచి తెచ్చి బడి దగ్గరే ఇచ్చాడు. పిల్లల ముందు విప్పకూడదని జేబులో పెట్టుకున్నాను గానీ, మూడో తరగతికి భాగహారం చెబుతూ రెండుసార్లు తప్పు చేశాను. వాళ్ళే దిద్దారు.

ఈ కాలంలో ఉత్తరాలేంటని వదిన నవ్వుతోందని రాశావు. నవ్వనీ. పోలీసు క్యాంపు దగ్గరి గుట్ట ఎక్కితే తప్ప ఇక్కడ టవర్ అందదు. అందినా నా వెనక పదిమంది ఫోన్లు పట్టుకుని నిలబడి ఉంటారు. మొగుడూ పెళ్ళాల మాటలు ఊరంతా వినాలా?

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. లేకపోతే "గురూజీ సగం పరీక్ష రాసి లేచిపోయాడు" అంటావు. వానలు మొదలయ్యాయి. కప్పు మూడు చోట్ల కారితే హుంగా వచ్చి పెంకులు మార్చాడు. నాలుగో చోటు ఎక్కడో తెలియడం లేదు, కింద గిన్నె పెట్టాం. తునికాకు కోత అయిపోయింది. ఆకు కొనే ఫడ్ దగ్గర మున్షీ నీ గురించి అడిగాడు. కట్టలు కట్టడంలో నీ చేతివేగం ఈ ఏడు ఒక్కరికీ రాలేదని అందరిలోనూ అన్నాడు. అమ్మకి కొంచెం కోపం వచ్చింది, ఎందుకంటే ఈ ఏడు కట్టింది తనే.

పూనం ఐదో తరగతికి వచ్చింది. జడ నేనే వేస్తున్నాను. "నాయినా, ఇది జడ గాదు, మేకను కట్టే తాడు" అంటుంది. అద్దంలో చూసుకుని మళ్ళీ విప్పేస్తుంది. నువ్వెప్పుడొస్తావని ఈమధ్య అడగడం మానేసింది. అడిగితేనే బాగుండేదనిపిస్తోంది నాకు.

చిక్కుడు గింజలు పెట్టారా అని అడిగావు. పెట్టలేదు. ఎందుకో కిందికి వచ్చాక రాస్తాను.

నా సంగతి అడిగావు. తింటున్నాను, నిద్రపోతున్నాను, బడికి వెళ్తున్నాను. కానీ లలితా, నువ్వు లేకపోతే ఇంత కష్టంగా ఉంటుందని నాకు తెలియదు. పొద్దున్నే మేకలతో దోర్లీ భాషలో నువ్వు పెట్టే పోట్లాట లేక ఇల్లు ఆలస్యంగా లేస్తోంది. నీ చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. అమ్మ తీసి లోపల పెడితే నేను మళ్ళీ బయట పెట్టాను. ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగిపోయి ఉంది. నీ మడమ మీది ఆ నల్లమచ్చను ముల్లు అనుకుని, నీ కాలు ఒళ్ళో పెట్టుకుని సూదితో కెలికినవాణ్ణి నేనే. ఆ రోజు నువ్వు ఒక్కసారి కూడా కాలు వెనక్కి లాక్కోలేదు. ఆ మచ్చే క్యాన్సరని, అది గజ్జలోకి పాకి గడ్డ కట్టిందని తెలిసేసరికి ఏడాది గడిచింది.

ఇప్పుడు నీ టీకా సంగతి. డాక్టరమ్మ చెప్పిందంతా నువ్వు రెండు పేజీల్లో రాశావు, నేను నాలుగుసార్లు చదివాను. మామూలు టీకా జబ్బు రాకుండా వేస్తారు, ఇది వచ్చినవాళ్ళకి, కోసి తీసేశాక వేస్తారు. ఒక్కొక్కరి గడ్డలో మార్పులు ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి ఒకరి టీకా ఇంకొకరికి పనికిరాదు. గడ్డ ముక్కను చదివి, దాని గుర్తులు రాసిన ఎం-ఆర్‌ఎన్‌ఏ అనే చీటీని ఒంట్లోకి పంపిస్తారు. ఆ గుర్తులున్న కణం ఎక్కడ దాక్కున్నా మన ఒళ్ళే వెతికి చంపాలి. ఇదంతా అమ్మకు అర్థం కావాలని, వేటకుక్కకు ముందుగా వాసన చూపించి అడవిలోకి వదిలినట్టు అని చెప్పాను.

అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ వింది. విని, "మంచిమాటే గానీ బాబూ, వాసన జూపియ్యాలంటే ఆ జంతువు బొచ్చన్నా ఉండాలె గదా. ఆల్లకాడ ఏమున్నది?" అని అడిగింది.

నేను బయటికి వెళ్ళిపోయాను.

నీ ఉత్తరంలో చివరి పేజీ కూడా అదే అడుగుతోంది. ఖమ్మం ల్యాబువాడు మన పేరే లేదంటున్నాడని, వదిన ఫోన్లో వాణ్ణి చెడామడా తిట్టిందని, నేను రసీదు పట్టుకుని ఒకసారి వెళ్ళి అడగాలని రాశావు. నెలాఖరులోగా గడ్డ ముక్క అందకపోతే నీ పేరు ఆ టీకా జాబితాలోంచి తీసేస్తారని, మూడు వారాలకోసారి ఎక్కించే మందుతో సరిపెట్టి ఇంటికి పంపేస్తారని కూడా రాశావు.

ల్యాబువాడిని ఏమీ అనొద్దని వదినకు చెప్పు. అతని తప్పు లేదు. రసీదు లేదు, నేను అసలు ఖమ్మం వెళ్ళలేదు.

మార్చిలో భద్రాచలంలో నీకు ఆపరేషన్ అయిన రోజు నర్సమ్మ తెల్ల డబ్బా నా చేతిలో పెట్టింది. అందులో మందునీళ్ళు, నీళ్ళలో నీ గడ్డ. ఖమ్మం ల్యాబులో ఇచ్చి రసీదు తెచ్చుకోమంది. నువ్వు ఇంకా మత్తులోనే ఉన్నావు. బస్టాండుకు వెళ్ళి ఖమ్మం బస్సు ఎక్కి కూర్చున్నాను కూడా. డబ్బా వెచ్చగా ఉందనిపించింది. నిజంగా వెచ్చగా ఉందో, నా చేతులే వెచ్చగా ఉన్నాయో తెలియదు. సూది పరీక్షలో రోగం పేరు ముందే తేలింది కదా, మళ్ళీ దీన్ని కోసి చూసేదేముంది అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది, అదే నన్ను బస్సులోంచి దించింది.

మన ఇళ్ళలో ఒంటి నుంచి వేరైంది ఏదైనా ఇంటి మట్టికే చేరాలి. పూనం బొడ్డుతాడు పెరట్లోనే ఉంది. మా తాత చిటికెన వేలు గొడ్డలికి తెగితే దాన్ని ఆకులో చుట్టి నాలుగు కోసుల దూరం నుంచి తెచ్చి పాతారు. ఒంటి ముక్క పరాయి ఊళ్ళో ఉండిపోతే మనిషి కూడా అక్కడే ఉండిపోతుందని చిన్నప్పుడు విన్నాను. నాకు నమ్మకాల్లేవని నువ్వు అందరికీ గొప్పగా చెబుతావు. ఆ రోజు ఉన్నాయి. నిన్ను పరాయి ఊరికి ఇవ్వదలచుకోలేదు. కేసా జీపులో ఇంటికొచ్చి, మందునీళ్ళు పారబోసి, నీ గడ్డను టేకాకులో చుట్టి చిక్కుడు పెట్టే చోట పాతాను. సాయంత్రానికి నీ దగ్గరికి తిరిగి వచ్చాను. "ఇచ్చావా?" అని నువ్వు అడిగితే "ఇచ్చాను" అన్నాను.

నువ్వు హైదరాబాదు వెళ్ళి మొదటిసారి ఆ టీకా మాట రాసేదాకా అది అబద్ధమని కూడా నాకు గుర్తులేదు. ఆ తర్వాత ప్రతి ఉత్తరంలోనూ చెబుదామనుకుని, వాన గురించీ మేకల గురించీ రాసి ముగించాను.

గురువారం నీ ఉత్తరం చదివాక అమ్మకు చెప్పాను. ఆచారం కాబట్టి ఆమె నా వైపు ఉంటుందనుకున్నాను. చేట పక్కన పడేసి లేచింది. "నేను జెప్పిన్నా నీకు? వేలు వేరు, గడ్డ వేరు! రోగాన్ని దెచ్చి ఇంట్ల ఎవడన్నా పాతుకుంటడా? గురూజీవంట, ఏం గురూజీవో!" అని తిట్టి కూర్చుని ఏడ్చింది. అంటే చదువుకున్నవాడి తప్పూ, చదువుకోనివాడి తప్పూ రెండూ నేనే చేశాను.

వెంటనే తవ్వాను. ఆకు ఈనెలు తప్ప ఏమీ లేవు.

శుక్రవారం గుట్టెక్కి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. వెనక నిలబడ్డవాళ్ళంతా విన్నారు, విననీ అనుకున్నాను. ఆమె తిడుతుందనుకుంటే, "సూది పరీక్షకు తీసింది ఎక్కడుంది?" అని అడిగింది. నిన్న భద్రాచలం వెళ్ళాను. ఆసుపత్రిలో పెద్దాయన బీరువాలో వెతికి చిన్న మైనపు బిళ్ళ తీశాడు. దాని మీద నీ పేరు, నంబరు ఉన్నాయి. లోపల అప్పుడు సూదితో తీసిన నీ గడ్డ ముక్క నువ్వుగింజంత ఉంది. సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. ఇప్పుడు అది నా ఎదురుగా బల్ల మీద ఉంది.

నీకు ఎక్కువ ఆశ పెట్టకూడదు, తక్కువ చేసి కూడా చెప్పకూడదు. అందుకని డాక్టరమ్మ అన్నది అన్నట్టే రాస్తున్నాను. ఆ కాస్త చదవడానికి సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. సరిపోయినా ఇది ఇంకా పరీక్షలో ఉన్న వైద్యం, కొందరికి టీకా ఇస్తారు, కొందరికి టీకా లేని ఉత్త సూది ఇస్తారు, ఎవరికేది పడిందో తెలియనివ్వరు. నీకు టీకాయే పడినా అది తయారవడానికి నెల పైనే పడుతుంది. అన్నీ కలిసొచ్చినా కొందరిలో జబ్బు తిరిగి రాలేదు, కొందరిలో వచ్చింది. "మీరు డబ్బా ఇచ్చి ఉన్నా నేను గ్యారంటీ ఇవ్వలేకపోయేదాన్ని" అని చివర్లో అంది. నా మీద జాలితో అన్న మాట అది. దాని చాటున నేను దాక్కోను. ఆ డబ్బా ఉంటే నీకు గడ్డంతా ఉండేది, ఇప్పుడు నువ్వుగింజ ఉంది.

ఇంకొకటి ఉంది. ఇది డాక్టరమ్మకూ అమ్మకూ కూడా చెప్పలేదు. ముక్క దొరక్కపోతే ఇంటికి పంపేస్తారు అని నువ్వు రాసిన వాక్యం దగ్గర నాకు సంతోషమైంది. ఎంతోసేపు కాదు, ఒక్క క్షణం. పాతింది పనిచేసింది, లలిత వచ్చేస్తోంది అనుకున్నాను. ఆ తర్వాతే నువ్వు దేన్ని పోగొట్టుకుని వస్తావో బుర్రకెక్కింది. అంతగా నీ మీద బెంగ పెట్టుకున్నాను. బెంగ ఇంత చెడ్డదని నాకు తెలియదు.

ఈ ఉత్తరం రేపు కేసా చేతికి ఇస్తాను. నేను బిళ్ళ తీసుకుని బుధవారం బయలుదేరుతాను. ఉత్తరం నాకంటే ముందు నిన్ను చేరాలి. ఎదురుగా చెబుదామంటే నీ మొహం చూసి మళ్ళీ బొంకుతాను. గురువారం ఉదయం ఆసుపత్రి గేటు దగ్గర ఉంటాను. నన్ను చూడబుద్ధి కాకపోతే వదినను పంపు, బిళ్ళ ఆమె చేతికిచ్చి వచ్చిన బస్సే ఎక్కుతాను. తిట్టాలనుకుంటే మాత్రం నువ్వే రా.

పొద్దుటి నుంచి ఒక మాట రాయలేక ఈ కాగితాలన్నీ నింపాను. ఆ బిళ్ళ సరిపోతే, వాళ్ళు ఉండమన్నన్ని నెలలు అక్కడే ఉండు. పూనం పిలిచినా, నేను పిలిచినా ఇంటికి రాకు.

ఇట్లు,
నీ కోసం ఇంత తప్పు చేసిన నీ పెనిమిటి,
పూనం నాయిన
బాబూరావు