కూర్చుని చేసే డ్యూటీ

రెబెక్కా,

దేవుని దయవల్ల క్షేమం. ఫోన్లో నువ్వు ఏడుపు అందుకుంటే సగంలోనే పెట్టేస్తాను, అందుకే ఈ కార్డు.

మెడికల్ బోర్డు సోమవారం అయింది. నన్ను సర్వీసు నుంచి తీసి ఇంటికి పంపలేదు! గుండెకు స్టెంట్ వేశారు కనుక పరుగు, బరువులు వద్దన్నారు, అంతే. బరువెత్తని మెకానిక్‌తో ఆర్మీకి పనేముందని మొహం వేలాడేసుకుని వర్క్‌షాపుకు వెళ్లాను. మన నాదర్‌గుల్ సుమన్ లారీ స్టార్ట్ చేసి, "అన్నా, నువ్ కుర్చీల కూసొని చప్పుడు ఇను. రోగమేందో చెప్పు, విప్పుడు మా పని" అన్నాడు. రోజుకు రెండు బాగయ్యే చోట నిన్న మూడు లారీలు బయటికెళ్లాయి. ఇంజన్ చప్పుడు అంత బాగా పట్టేవాణ్ణి, పరుగు పరీక్ష తప్పుతానని నా ఛాతీ నొప్పిని నాలుగు నెలలు దాచాను చూడు.

అల్మాస్‌గూడ ఇంట్లో మోటారు బాగుచేయించావా? అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోందా? నువ్వు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుంటున్నావట, నాన్నకు చెప్పొద్దని పిల్లతో అన్నావట. జోస్నా చెప్పేసింది, దాన్ని తిట్టకు. కార్డు అందిన రోజే ఎల్బీనగర్ దవాఖానకు వెళ్లి ఈసీజీ తీయించుకో.

చర్చిలో ప్రార్థనకు నా పేరు ఇచ్చింది చాలు. ఈ ఆదివారం నీ పేరు ఇవ్వు.

నీ తీతు