లెక్కలో కలపకూడని చేను

చిట్టితల్లికి, ఇక్కడ అందరం కులాసా.

రైతులు ఏ పంట ఎందుకు వేస్తారో ముందే చెప్పే నీ కంప్యూటరు నమూనా, ఈసారి తాతయ్య జొన్న వేస్తారని చెప్పిందన్నావు. ఆయన అప్పటికే కంది విత్తనం తెచ్చుకున్నారు. నీ ఉత్తరం చదివి, ఆ కందిని మూలన పడేసి జొన్న విత్తి వచ్చారు. ఇదేం పనని నిలదీశాను. "పిల్ల లెక్క తప్పితే దాని చదువేం కాను? నువ్వూరుకోవే!" అన్నారు.

ఆ చేను నీ లెక్కలోంచి తీసెయ్యి. నీకోసం వేసిన పంట నీ నమూనాకు రుజువు కాదు. ఇకమీదట విత్తకముందు ఆయనకేమీ చెప్పకు.

దుప్పటి అందిందా? వేళకు తింటున్నావా?

ఆ చేను తీసేసిన సంగతి మాత్రం ఆయనకు రాయకు. పొద్దున్నే మొలకలు చూసొచ్చి, "మనవరాలు నెగ్గిందే!" అని మురిసిపోతున్నారు.

చల్లగా ఉండు.
అమ్మమ్మ