ఆటలో మా ఆడవాళ్ళు పడవెక్కరు

జూలై 11, శుక్రవారం
పదో తరగతి తర్వాత ఉత్తరం ముక్క తప్ప ఏమీ రాయలేదు. దీపం పెట్టి స్వామికి అన్నీ చెప్పుకుంటాను — వింటాడు, బదులు చెప్పడు. మా ఇంటాయన ముందు మా అమ్మాయి సంధ్య పేరెత్తితే వల భుజాన వేసుకుని వెళ్ళిపోతారు. అది జ్వరంతో పోయి ఆర్నెల్లు. ఇక కాగితమే.

రాజమండ్రి నుంచి సంధ్య స్నేహితురాలు కీర్తన వచ్చింది. సంధ్యతో కలిసి చేసిన ఫోన్ ఆట పూర్తి కావచ్చిందట. గోదారి ఒడ్డున నాలుగు తెగలు. ఒక్కో విద్యా నేర్చుకుంటూ రాజ్యం పెంచుకోవాలి. చేపలవేట తెగ మాదే. అందులో ఆడవాళ్ళకి పడవ విద్య ఎప్పటికీ రాదు. సంధ్య అలా తాళం వేసింది. ఆడవాళ్ళు పడవెక్కితే గంగమ్మకి పడదని దానికి చెప్పింది నేనే.

"అందరికీ అన్నీ వచ్చేస్తే తెగలకి చీరల రంగు తప్ప తేడా ఏముంటుందే అని నాతో దెబ్బలాడేదండి."
"నువ్వేమన్నావమ్మా?"
"ఆచారం ఉంటే చేతకాదని రాసేస్తామా అన్నాను. అది తేలకుండానే... ఆ తాళం ఉంచాలో తియ్యాలో మీరు ఎలా అంటే అలా, ఆంటీ."

జూలై 12
ఆట నా ఫోన్లో పెట్టి వెళ్ళింది. ఒడ్డున తట్ట పట్టుకున్న ఆడమనిషి. వేలితో పడవ వైపు జరిపాను. తల అడ్డంగా ఊపింది.
"అమ్మో, నేనెక్కనండీ!"
సంధ్య గొంతు.
పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

జూలై 13
కీర్తనకి ఫోన్. తాళం తీస్తే ఆ మాట ఉంటుందా?
"ఉండదండి... ఎక్కేస్తుంది కదా."
మధ్యస్తంగా ఏదైనా?
"సంధ్య రాసిన తీరు అలాంటిది ఆంటీ. ఉంచితే ఉంచాలి, తీస్తే తియ్యాలి. వచ్చే ఆదివారానికి చెప్పండి."
ఆ గొంతు విడిగా పంపింది. విన్నాను. గొంతు అదే. కానీ ఆటలో అయితే నేను అడిగితే జవాబు చెబుతుంది.

జూలై 16
గోదారికి వరద, ఎర్రనీళ్ళొచ్చాయి. అప్పుడూ ఇలాగే — సంధ్య పాలు తాగే పిల్ల. నీళ్ళు గడప దాటాయి. మగవాళ్ళు వేటలో. మా అత్తగారు పడవకి బొట్టు పెట్టి, "తల్లీ, తప్పు కాయి" అని తనే ముందెక్కారు. "చూస్తావేంటే, గెడ అందుకో!" పిల్లని ఆవిడకిచ్చి గెడ వేసి పడవ తోశాను. గట్టు దాకా.
నీళ్ళు తీశాక మళ్ళీ ఎవరమూ ఎక్కలేదు. ఆ ఊసూ ఎత్తలేదు. సంధ్యకి ఆచారం చెప్పాను, ఇది చెప్పలేదు. దాన్ని ఒడ్డుకి చేర్చిన పడవ సంగతి దానికే తెలీదు.

జూలై 17
ఆటలో సంధ్య మాట ఆయన విన్నారు. గుమ్మంలో నిలబడిపోయారు. కోప్పడతారనుకున్నాను.
"ఇంకోసారి అననియ్యి."

జూలై 18
మళ్ళీ అడిగారు. మళ్ళీ. "ఎక్కదంట! అచ్చం నీలాగే మొండిది" అని నవ్వారు. ఆర్నెల్ల తర్వాత నవ్వు.

జూలై 19, శనివారం
రేపు కీర్తన ఫోన్ చేస్తుంది. తాళం తియ్యమనాలి. మేమెక్కాం. అబద్ధం ఎలా ఉంచమంటాను... దీపం ముందు రెండుసార్లు అనుకున్నాను — తియ్యమ్మా, తియ్యమ్మా అని.
అరుగు మీంచి ఆయన, "ఏమే, ఫోనెక్కడ పెట్టావు?"
రేపు తియ్యమనలేను. ఈ కాగితాలు సంధ్య చీరల మడతలో పెడుతున్నాను. దొరికినవాళ్ళు అక్కడే ఉంచండి. చూపించకండి. ఆయనకి అసలే వద్దు.
పిలుస్తున్నారు.