రెండు తుంగలు, ఒక షీటు

జూన్ 3
నలభై ఒక్క ఏళ్ల కిందట మా ప్రొఫెసర్ మాటిచ్చాడు, వానలు పడగానే చెరువు దగ్గరికొచ్చి నా రెండు తుంగలనూ నేలలో నిలబడి ఉండగా చూస్తానని. రాలేదు. నేను పంపిన ఎండు మొక్కల షీటు ముందేసుకుని, రెండూ ఒకే జాతి అని రాసిపారేశాడు. నా థీసిస్ నీళ్లపాలైంది. ఆయన పోయి పదేళ్లయినా నా కోపం పోలేదు.

ఇవాళ ఒక రీసెర్చ్ అమ్మాయి ఫోన్ చేసింది. ఆ తుంగలకే డీఎన్ఏ తీస్తోందట. చెరువు చూపిస్తారా సార్ అంది.

జూన్ 19
వెళ్లాం. ఒడ్డు తుంగ, నీటి తుంగ పక్కపక్కనే ఉన్నాయి. రెండింటి కాండానికీ మూడు పలకలే. గింజను లెన్స్ కింద పెడితేగానీ తేడా తెలియదు. ఆ పిల్ల పిక్కల్లోతు బురదలో దిగి, ఇరవై అడుగులకో ఆకు తుంచి, కవర్ మీద నంబర్ వేసింది. మా ప్రొఫెసర్‌కి బూటు తడిస్తే జలుబు చేసేది.

జూలై 2
ఎండు మొక్కలు దాచే హెర్బేరియంలో నా పాత షీట్ల నుంచి బియ్యపు గింజంత ముక్కలు తీసుకుంది. అడిగి మరీ.

జూలై 30
రెండూ వేరు జాతులే! రెండూ కలిసి పుట్టిన మధ్యరకం ఒక్కటీ లేదు. నీటి తుంగలో ఏ రెండు మొక్కలూ ఒకలా లేవు. అన్నీ గింజల నుంచి మొలిచినవి. ఒడ్డు తుంగ ఆకులు నలభై తెస్తే, నలభై ఒకే మొక్కవి! మట్టిలో గడ్డలు వేసుకుంటూ చెరువు చుట్టూ నడిచిందన్నమాట. ఇన్నేళ్లూ వందల మొక్కలనుకుని నేను లెక్కపెట్టింది ఒక్కదాన్నే. సిగ్గుపడాల్సింది పోయి చప్పట్లు కొట్టాను. కోడలు పరుగెత్తుకొచ్చింది. ఏంటి మామయ్యా, మీకు పడనివాళ్లెవరైనా పోయారా అంది.

ఆగస్టు 4
అమ్మాయి ఫోన్‌లో నీళ్లు నమిలింది. ప్రొఫెసర్ చూసిన షీటు మీద రెండు జాతులూ ఒకే నంబర్ కింద కలిసి ఉన్నాయట. అది చూస్తే ఎవరైనా ఒకటే అనుకుంటారు సార్ అంది. అతికించినవాడి పొరపాటని తన రీసెర్చ్ పేపర్‌లో రాస్తానంది. అతికించింది మా డిపార్ట్‌మెంట్ జిగురు తాత. ఇరవై ఏళ్లు ఒక్క ఆకు వంకర పోనివ్వని మనిషి. ఇప్పుడు లేడు.

సరే అన్నాను.

ఆగస్టు 5
షీటు ఫోటో పంపింది. కింద నంబర్ నా చేతిరాతే.

ఆగస్టు 6, ఉదయం
ఫోన్ చేశాను. పెనవేసుకున్న ఆ దుబ్బును ఒక్క గుంజుకు పీకింది నేను. వాన వస్తోందని విడదీయకుండా ఒకే కాగితంలో మడిచి, ఒకే నంబర్ వేసిందీ నేనే. తాత వచ్చినదాన్ని వచ్చినట్టు అతికించాడు. నా పేరు పెట్టి రాయి తల్లీ అన్నాను. మీరు భలేవారు సార్ అంది.

ఆగస్టు 7
అయినా తప్పు మా ప్రొఫెసర్‌దే.