ఎడమవైపు కడ్డీ

నాన్నా,

మీరు గోడ అవతలి గదిలోనే ఉన్నారు. మీ కుర్చీ కిర్రుమనడం నాకు వినిపిస్తోంది. అయినా ఉత్తరం రాస్తున్నాను. నోటితో చెప్పాలని ఈ ఏడాదిలో ఎన్నోసార్లు మీ గుమ్మం దాకా వచ్చాను. ప్రతిసారీ మంచినీళ్లు కావాలా అని అడిగి వెనక్కి వచ్చేశాను. పాపం, మీరు అన్నిసార్లూ తాగారు.

ఇది అమ్మ చేత పంపుతున్నాను. "ఒకే ఇంట్లో ఉండి ఉత్తరాలేంటే? నేనేమైనా పోస్టుమాన్‌నా?" అంటోంది.

వచ్చే నెల మొదటి తారీఖు నుంచి పక్క ఊరి లైబ్రరీలో నాకు ఉద్యోగం. అక్కడే గది తీసుకుంటున్నాను. రోజూ తిరగడం కష్టమని అమ్మకి చెప్పాను. అది నిజం కాదు. మీ ఎదురుగా కూర్చుని భోజనం చెయ్యలేక వెళ్తున్నాను. అన్నయ్య పోయింది నా వల్ల. అది మీకూ తెలుసు.

ఆ పెద్ద చక్రం సైకిలు మన సైకిళ్ల రిపేరు షాపుకి గోనెసంచిలో వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. నూరేళ్లు దాటిన బండి. ముందు చక్రం మనిషి భుజం దాకా, వెనక చక్రం పళ్లెమంత. తుప్పు ముక్కల్ని మీరు బెంచీ మీద వరసగా పరిచి, ఎవరికో దుప్పటి కప్పినట్టు పైన గుడ్డ కప్పారు. ఎనిమిది నెలలు పని చేశారు. నేను మూలన స్టూలు మీద పుస్తకం చదువుకుంటూ, అడిగినప్పుడల్లా పానా అందించేదాన్ని. నా జీవితంలో అంతకంటే మంచి రోజులు లేవు.

పాత సైకిళ్ల వాళ్ల ఊరేగింపు ఆదివారం. శనివారం మధ్యాహ్నానికి బిగింపు చివరికొచ్చింది. కుడివైపు హ్యాండిల్ కడ్డీ మీరు బిగించారు. ఎడమవైపుది నాకిచ్చారు. "మరలో తిప్పి, ఊడకుండా ఈ పిన్ను దూర్చి, సుత్తితో రెండు దెబ్బలు వెయ్యి చిట్టితల్లీ. నీ చెయ్యి సున్నితం" అన్నారు. కడ్డీ తిప్పడం గుర్తుంది. పిన్ను అరచేతిలో చల్లగా తగలడం గుర్తుంది. అంతలో వీధిలోంచి ఎవరో పిలిచారు, వెళ్లాను. తిరిగొచ్చి పిన్ను వేశానా? ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు నాన్నా. ఒక్కోసారి వేసినట్టే ఉంటుంది. అది నేను కల్పించుకున్నదేమోనని మళ్లీ భయం.

మర్నాడు ఊరేగింపులో పోస్టాఫీసు పక్క ఎత్తు ఎక్కుతూ అన్నయ్య కడ్డీల్ని గట్టిగా లాగి పట్టాడు. ఎడమది చేతిలోకి వచ్చేసింది. అంత ఎత్తు సీటు మీంచి తల ముందుగా పడ్డాడు. పడ్డాక కూడా దాన్ని వదల్లేదు. ఆస్పత్రిలో నర్సు వేళ్లు విడదీసి కడ్డీ మీకిచ్చింది. మీరు దాని చివర చూసి చొక్కా లోపల పెట్టుకున్నారు. ఎవరికీ చూపించలేదు. బండినీ, కడ్డీనీ షాపులో పడేసి తాళం వేశారు. పిన్ను లేదని మీకు తెలిసింది. నన్ను కాపాడటానికి దాచారు.

కాన్వెంటులో తప్పు చేస్తే సిస్టర్ బల్ల మీద చెయ్యి పెట్టమనేది. ఒక దెబ్బ, తర్వాత మామూలుగా పాఠం. మీరు నన్ను ఒక్క మాటా అనలేదు. వెళ్లేలోగా ఆ మాట అనేయండి నాన్నా.

మీ అమ్మాయి


చిట్టితల్లీ,

అమ్మ నీ ఉత్తరం ఇచ్చి, "జవాబు కోసం ఆగమంటారా, టీ తాగి రమ్మంటారా?" అంది. నవ్వొచ్చింది. ఆ తర్వాత చదివాను.

నువ్వు పిన్ను వేశావు. ఇప్పుడే షాపు తాళం తీసి మళ్లీ చూసొచ్చాను. రెండు దెబ్బలు వెయ్యమంటే మూడు వేసినట్టున్నావు. కడ్డీ మొదలు ఇంకా మరలోనే బిగిసి ఉంది. అది ఊడలేదమ్మా. విరిగింది. పిన్నుకి రెండంగుళాల ఇవతల.

ఇనుము అప్పటికప్పుడు విరిగితే లోపల పంచదార పలుకుల్లా తెల్లగా మెరుస్తుంది. పాత పగులైతే తేమ చేరి నల్లబడి ఉంటుంది. ఆ కడ్డీ విరిగిన చోట సగం తెలుపు, సగం నలుపు. నర్సు ఇవ్వగానే చూశాను. నేను చొక్కాలో దాచింది నీ తప్పుని కాదు, నా తప్పుని.

తుప్పు కిరసనాయిలుతో కడిగిన రోజే అక్కడ వెంట్రుక లాంటి గీత కనపడింది. భూతద్దం పెట్టి చూశాను. కొత్త కడ్డీ చేయించడం వారం పని. మీ అన్నయ్య అడిగాడు కూడా, "ఈ గీతేంటి నాన్నా, మార్చేద్దామా?" అని. "నూరేళ్ల కిందట ఎవరో కొలిమి ముందు కూర్చుని చేత్తో వంచిన కడ్డీరా ఇది. దీన్ని తీసేస్తే మిగిలేది సైకిలు కాదు, సైకిలు బొమ్మ" అన్నాను. వాడు నవ్వి, "అమ్మకి పన్ను పీకిన డాక్టర్ని కూడా పాతదే మళ్లీ పెట్టమన్నారట గదా!" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ గీత మీద నల్ల ఎనామిల్ రంగు నేనే వేశాను. రెండు పూతలు. ఆరాక వేలితో రాసి చూస్తే నున్నగా ఉంది. నాకు ముచ్చటేసింది.

నీ మనసులో ఇది ఉందని తెలీదమ్మా. నన్ను చూసి నువ్వు తలొంచుకుంటుంటే, నీకు సంగతి తెలిసిపోయి నా మొహం చూడలేకపోతున్నావనుకున్నాను.

ఇంకోటి ఉంది. అమ్మకి కూడా చెప్పలేదు. అలాంటి బళ్లే, ఆ పాత కడ్డీలతోనే, నా చేతి మీదుగా ఇంకో మూడు వెళ్లాయి. ఒకటి మన వీధి చివర లెక్కల మాస్టారి దగ్గరుంది. రెండు బయట ఊళ్లలో ఉన్నాయి. వాటికి గీతలు లేవని నేను చెప్పలేను. ఉన్నాయేమోనని వెతకలేదు. వాళ్లకి రాద్దామని కాగితం తీస్తాను. రాస్తే, నా కొడుకు ఎలా పోయాడో రాయాలి. పెన్ను మూసేస్తాను.

నువ్వు వెళ్లు. కానీ నీ తప్పేమీ లేదని తెలుసుకుని వెళ్లు.

నాన్న


నాన్నా,

మెట్ల మీద కూర్చుని చదివాను. బరువు దిగిపోతుందని అనుకున్నాను. దిగలేదు. నా మీద నుంచి లేచి మీ మీద కూర్చుంది, అంతే. కోపం కూడా వస్తోంది. ఏడాదిలో ఒక్కసారి నన్ను అడిగి ఉంటే అని. నేను మాత్రం అడిగానా అని. అన్నయ్య ఆ గీతని చూసి కూడా ఎక్కాడు. మిమ్మల్ని అంత నమ్మాడు. దీన్ని నేను క్షమించగలనో లేదో ఇప్పుడు చెప్పలేను. అబద్ధం రాయడం ఇష్టం లేదు. కానీ ఆగడానికి వీల్లేదు, ఇవాళ శనివారం. మాస్టారు ప్రతి ఆదివారం బండి బయటికి తీస్తారు.

అందుకని మూడు ఉత్తరాలూ నేనే రాశాను. మొదటి వాక్యం మూడింటిలోనూ ఒకటే: "అయ్యా, దయచేసి ఆ సైకిలు ఎక్కవద్దు." తర్వాత జరిగింది జరిగినట్టు రాశాను. గీత సంగతి, మీరన్న మాట, రెండు పూతలు, అన్నయ్య. మిమ్మల్ని మంచివారిగా చూపించాలని ఒక్క ముక్కా కలపలేదు, చెడ్డవారిగా చూపించాలనీ కలపలేదు. అలా రాయడానికి ఒక కాగితం మార్చాల్సి వచ్చింది.

అమ్మకి చదివి వినిపించాను. తప్పలేదు. బయటివాళ్ల కంటే ముందు తనకి తెలియాలి. కాగితం తీసుకుని తనే మళ్లీ చదివింది. తర్వాత, "రెండు పూతలు వేశారా?" అని అడిగింది. అవునన్నాను. లేచి వంటింట్లోకి వెళ్లింది. మీరు తన దగ్గరికి వెళ్లాలి, నేను కాదు.

బయట ఊళ్ల ఉత్తరాలు ఇవాళే పోస్టులో వేస్తాను. మాస్టారిది మనమే తీసుకెళ్లి ఇద్దాం. మీరు మాట్లాడలేకపోతే నేను చదువుతాను. నాకు గొంతు పెద్దది కాదు, కానీ ఆయన వరండా చిన్నదే.

లైబ్రరీ ఉద్యోగం గురించి తర్వాత ఆలోచిస్తాను.

మూడు కాగితాలూ మీ గుమ్మం ముందు పెట్టాను. నా పేరుతో పంపితే ఎవరూ నమ్మరు. వాళ్లు మీ చేతిపని చూసి బళ్లు కొన్నవాళ్లు. సంతకం చోటు ఖాళీగా వదిలాను నాన్నా. అది మీరే పెట్టాలి.

మీ అమ్మాయి