ఒక్క లారీకే చోటు

ఆదివారం

అల్లుడుగారికి మామయ్య దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అత్తగారూ క్షేమం. లారీలు రెండూ క్షేమం.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అనుకోకండి. ఫోనులో నేను అరుస్తానట. ముప్పై నాలుగేళ్ళు ఇంజను పక్కన కూర్చుని మాట్లాడిన గొంతు, తగ్గమంటే తగ్గుతుందా? గుట్టు విషయం ఫోనులో చెబితే వీధి వీధంతా సలహాలు పట్టుకొచ్చేస్తుంది. అందుకని కాగితం తీశాను.

సంగతేమిటంటే, మన ఇంటి ముందు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పక్కనున్న లారీల దొడ్డి సగం పోతుంది. మిగిలేది ఒక్క లారీకే చోటు. నెలాఖరులోగా రెండోదాన్ని పంపించెయ్యాలి. కొనేవాళ్ళు దొరక్కపోతే తుక్కు వ్యాపారి సిద్ధంగా ఉన్నాడు. రోజూ ఒకసారి వచ్చి, పలకరించినట్టే పలకరించి, టేపుతో లారీ పొడవు కొలుచుకుని పోతున్నాడు. బతికున్న మనిషికి కొలతలు తీసుకున్నట్టుంది నాకు.

ఏది ఉంచాలో తేలడం లేదు. పాతది ఉందా, అది నాకు పని నేర్పింది. మేము కట్టుకున్న ఇల్లు, అమ్మాయి చదువు, అన్నీ దాని వీపు మీద వచ్చినవే. కాకపోతే ఎవరు పడితే వాళ్ళు తాళం తిప్పితే లేవదు. దానికో పద్ధతుంది, ఒక మాట ఉంది. అది నాతోనే సరి. ఇక కొత్తది కొత్తదే. దాని సోకులే వేరు. తలుపు ఒక్కసారి వేస్తే పడుతుంది.

మీ అత్తగారిని అడిగితే, రెండూ పంపించేసి ఇంట్లో మనిషిలా ఉండమంటోంది. మీరు ఆఫీసు తెలివి ఉన్నవారు. మీరేదంటే అది.

అమ్మాయికి మాత్రం ఈ ఉత్తరం చూపించకండి. పసితనంలో పాతదాని సీటు మీదే నిద్రపోయేది. బాధపడుతుంది.

ఉంటాను, దొడ్డి గట్టు మీద నుంచి,
మీ మామయ్య

తా.క.: పాతదాని హారను మోగదు. ఆ లోటు ఎప్పుడూ తెలియలేదు. అది వస్తున్నట్టు రెండు వీధుల అవతలికే తెలుస్తుంది.


గురువారం

మామయ్యగారికి నమస్కరించి అల్లుడు రాయునది.

ఇంత పెద్ద విషయంలో నా సలహా అడిగినందుకు గర్వంగా ఉంది. ఉత్తరం మూడుసార్లు చదివి, నా బనియన్ల దొంతర కింద భద్రంగా దాచాను. మీ అమ్మాయి కంట పడదు.

మామయ్యగారూ, ఆసుపత్రికి మంచాలూ చక్రాల కుర్చీలూ కొనే విభాగంలో ఆరేళ్ళుగా ఉన్నాను. మాకో నియమం ఉంది: ఏడేళ్ళు దాటిన వస్తువు మీద జాలి పనికిరాదు. కాబట్టి సందేహం అక్కర్లేదు. పాతదాన్ని పంపించండి, కొత్తదాన్ని ఉంచండి.

అయితే కొత్తదాని విషయంలో కొన్ని జాగ్రత్తలు. వారంటీ కాగితాలు బీరువాలో పెట్టండి. ఉచిత సర్వీసింగులు ఒక్కటి కూడా వదలకండి. సీటుకి ప్లాస్టిక్ కవరు ఉండాలి, తియ్యనివ్వకండి.

మీ అమ్మాయి కులాసా. గోడౌను గేటు దగ్గర కూర్చుని, వచ్చే లారీలూ పోయే లారీలూ నంబర్లు రాసుకుంటోంది. పాపం, లారీల గురించి ఏమీ తెలియకపోయినా ఉద్యోగం చక్కగా చేస్తోంది.

ఎల్లప్పుడూ మీ మాట జవదాటని,
అల్లుడు

తా.క.: కొత్తదాని ఫొటో ఒకటి పంపండి. మా మామగారికి కొత్త లారీ ఉందని ఆఫీసులో ఇప్పటికే చెప్పేశాను.


మంగళవారం

అల్లుడుగారికి, నడుం పట్టేసిన మామయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. వారంటీ కాగితాల మాట మాత్రం అడక్కండి. వారంటీ ఇచ్చినాయన పోయి పదేళ్ళయింది, మంచివాడు. ఉచిత సర్వీసింగు నాకు కొత్తేమీ కాదు. ఇన్నేళ్ళూ లారీ కింద పడుకుని నేను చేసుకుంటున్నది అదే.

సీటుకి మీరు చెప్పిన ప్లాస్టిక్ కవరు వేయించాను. అల్లుడి మాట తీసెయ్యడం నా వల్ల కాదు. లారీలు తూచే కాటా దాటాక మలుపు ఉంది కదా, అక్కడ స్టీరింగు కుడికి తిప్పాను. లారీ కుడికి తిరిగింది, నేను ఎడమకి వెళ్ళాను. పక్క సీట్లో కూర్చుని చూస్తే డ్రైవరు సీట్లో ఎవరూ లేరు. దేవుడి దయవల్ల ఎదురుగా ఏదీ రాలేదు. అయినా కవరు తియ్యలేదు.

ఇక్కడో చిత్రం జరిగింది. రెండు లారీల్లో ఒకటి అమ్మబడునని కాటా గోడ మీద కాగితం అంటించానా, మీ ఊరినుంచి ఉత్తరం వచ్చింది. అచ్చుకొట్టించిన అక్షరాలు, కింద పేరు లేదు, "కొనదలచిన వ్యక్తి" అని ఉంది. చిరునామా అంటే పోస్టు బాక్సు నంబరొకటి. లోపల ఒకే ప్రశ్న: "పాతదానికి రెండో గేరు వెయ్యాలంటే ఇప్పటికీ మోకాలితో తొయ్యాల్సిందేనా?"

ఆ మోకాలి సంగతి తెలిసినవాళ్ళం నేనూ, నాతో తిరిగిన పాత క్లీనరూ. ఆయనకిప్పుడు తన పేరే గుర్తులేదు. ఇది తుక్కు వ్యాపారి పెట్టిన గూఢచారి పనే. లోపాలు బయటపెట్టి ధర తగ్గించాలని.

ఫొటో పంపుతున్నాను. కొత్తదాని ముందు నిలబడి తీయించుకున్నాను. నేను కొంచెం ఎక్కువ పడ్డాను.

ఎడమవైపు ఒత్తిగిలి రాస్తూ,
మీ మామయ్య

తా.క.: అమ్మాయికి లారీల గురించి ఏమీ తెలియదని రాశారు. పెళ్ళికి ముందు మీ అత్తగారు నాచేత ఒక ఒట్టు వేయించుకుంది. అందుకని ఆ విషయంలో నేను నోరు మెదపను.


శనివారం

మామయ్యగారికి, మీ నడుం త్వరగా కోలుకోవాలని కోరుతూ అల్లుడి నమస్కారాలు.

ఫొటో అందింది. మీ భుజం వెనక దీపం ఒకటి కనిపించింది. దాని చుట్టూ తుప్పులాంటిది ఉందని మా గుమాస్తా అన్నాడు. అది కెమెరా లోపమని చెప్పి నోరు మూయించాను. మా మామగారి లారీని ఒకడు మాటంటే ఊరుకుంటానా?

ఇప్పుడు శుభవార్త. మా ఆసుపత్రి మంచాలు మొయ్యడానికి ఒక లారీని ఏడాదిపాటు కుదుర్చుకోవాలి. కొత్త లారీ అయి ఉండాలని నియమం. మీ పేరు రాసి పెట్టాను. మా పెద్దాఫీసరు ఈ బుధవారం అటుగా వస్తూ, స్వయంగా లారీ చూస్తారు. మీరు పక్కన నిలబడండి చాలు, లారీయే మాట్లాడుతుంది.

ఇక ఆ గూఢచారి సంగతి. ఇలాంటివాళ్ళతో మెత్తగా ఉండకూడదు. జవాబు నేనే రాసిపెట్టాను, యథాతథంగా పంపండి: "తమరెవరో, తమ ఉద్దేశమేమిటో మాకు అనవసరం. చాటున ఉండి ప్రశ్నలు వేయడం పెద్దమనుషుల లక్షణం కాదు. ధైర్యముంటే ముఖాముఖి రండి." ఇది చదివాక వాడు మళ్ళీ కలం పట్టడు.

మీ గౌరవమే తన గౌరవమనుకునే,
అల్లుడు

తా.క.: మీ అమ్మాయి ఈమధ్య నా బనియన్లు కూడా ఇస్త్రీ చేస్తోంది. పెళ్ళయి రెండేళ్ళయ్యాక ఇంత ప్రేమ ఎవరికి దొరుకుతుంది చెప్పండి.


గురువారం

అల్లుడుగారికి, తలవంచని మామయ్య ఆశీస్సులు.

మీ పెద్దాఫీసరు నిన్న వచ్చారు. కొత్త లారీ ఎక్కడ అని అడిగారు. ఎదురుగా ఉన్నదాన్ని చూపించాను. ఆయన దాని వెనక్కి వెళ్ళి చూశారు. అటు గోడ ఉంది. మళ్ళీ ఇటు వచ్చి, "ఇది కాదండీ, కొత్తది" అన్నారు. "ఇదేనండీ కొత్తది, అదిగో అది పాతది" అన్నాను. ఆయన చాలాసేపు రెండింటినీ మార్చి మార్చి చూశారు.

ఎప్పుడు కొన్నారని అడిగితే ఉన్నమాట చెప్పాను. అమ్మాయి రెండో తరగతిలో ఉండగా కొన్నాను. పంతొమ్మిదేళ్ళు. అల్లుడుగారూ, మీరేమనుకున్నారో నాకు అప్పుడు తెలిసింది. మా ఇంట్లో ముందొచ్చింది పాతది, తర్వాతొచ్చింది కొత్తది. అందులో దాచిందేముంది? మీ అత్తగారిని మా వదిన ఇప్పటికీ కొత్తకోడలనే పిలుస్తుంది. మీరు కొత్తల్లుడు. ఇంకో పాతికేళ్ళు అయినా మీకు ఆ పేరు పోదు.

ఊరికే పంపడం మర్యాద కాదని ఆయన్ని ఎక్కించుకుని కాటా అవతలిదాకా తీసుకెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు ఆ మలుపు దగ్గర ఆయన నా ఒళ్ళోకి వచ్చారు. ఆ కవరు మీ సలహాయేనని చెప్పాను. మీకు మంచి పేరు రావాలని.

మీ తల దించినందుకు బాధగా ఉంది. లారీల విషయంలో మాత్రం సిగ్గుపడను. పాతది నాకు పని నేర్పింది. నేర్చుకున్న ఆ పనితో కొన్నది కొత్తది. ఇందులో ఏది కోతకి పంపమంటారు?

ఇంతలో మీరు రాసిచ్చిన జవాబుకి తిరుగు టపాలో సమాధానం వచ్చింది: "పాతది కావాలి. తుక్కుకి కాదు, నడపడానికి. ఆదివారం పొద్దున్నే ముఖాముఖి వస్తాను." గూఢచారికి పౌరుషం ఎక్కువే.

నేనూ ఒక నిర్ణయానికి వచ్చాను. నేను నోరు విప్పను. తాళంచెవి చేతికిస్తాను. పాతదాన్ని లేపగలిగితే వాళ్ళది, లేపలేకపోతే వచ్చిన దారినే వెళ్ళాలి. అది లేవదు. అది నా లారీ. అప్పుడు కొత్తదాన్ని ఏం చెయ్యాలో సోమవారం ఏడుస్తాను.

ఆదివారం కోసం మీసం దువ్వుకుంటూ,
మీ మామయ్య

తా.క.: పెద్దాఫీసరుగారి కళ్ళజోడు సీటు కింద దొరికింది. ఒక అద్దం బాగానే ఉంది.


ఆదివారం, మధ్యాహ్నం

అల్లుడుగారికి మామయ్య రాసేది. ఈ ఉత్తరం టపాలో రావడం లేదు. మనిషి చేతికిచ్చి పంపుతున్నాను.

పొద్దున్న ఏడింటికే బయట బల్ల వేసుకుని కూర్చున్నాను. తుక్కు వ్యాపారి కూడా వచ్చాడు. వీధిలో జనం తమాషా చూడ్డానికి చేరారు. ఎనిమిదింటి బస్సు దిగి మన అమ్మాయి వచ్చింది. "ఏమ్మా, చెప్పా పెట్టకుండా వచ్చావు? కాస్త పక్కకి జరుగు, బేరం వస్తోంది" అన్నాను. "వచ్చింది నాన్నా, తాళంచెవి ఇవ్వు" అంది.

నాకు అర్థం కావడానికి మీ పెద్దాఫీసరుకి పట్టినంతసేపు పట్టింది.

ఇక దాచి లాభం లేదు. పెళ్ళికి ముందే అమ్మాయికి లారీ నేర్పాను. భారీ బండి లైసెన్సు కూడా ఉంది, మీ ఇంట్లోనే పెట్టె అడుగున ఉంటుంది. లారీ నడిపే పిల్లని ఎవరు చేసుకుంటారని మీ అత్తగారి భయం. ఆ ఒట్టు అదే. అయితే నేర్పింది కొత్తదాని మీద. పాతదాన్ని ఎప్పుడూ ముట్టనివ్వలేదు. కాబట్టి అమ్మాయి దాన్ని లేపలేదని నాకు ధీమా.

ఎక్కింది. క్లచ్చి రెండుసార్లు తొక్కింది. గేరుకి మోకాలు ఆనించింది. డాష్‌బోర్డు మీద అరచెయ్యి వేసి, మెల్లగా, "పద తల్లీ" అంది.

అల్లుడుగారూ, అదే ఆ మాట. నేనెవరికీ చెప్పలేదు. పొద్దున్నే లారీ లేపేటప్పుడు అనేవాణ్ణి. అమ్మాయిని బడి దగ్గర దింపి, సంచీ భుజానికి తగిలించి, దానితోనూ అదే అనేవాణ్ణి. పక్క సీట్లో నిద్రపోతోంది కదా అనుకునేవాణ్ణి. అది నిద్ర కాదని ఇవాళ తెలిసింది.

పాతది ఒక్క దెబ్బకి లేచింది. నాకు కూడా అంత త్వరగా ఎప్పుడూ లేవలేదు. తుక్కు వ్యాపారి తన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. జనం ముందు నేను ఏడ్చాను. ఏడిస్తే ఏమైంది, నా కూతురు. మీ అత్తగారు వీధిలోకి వచ్చి, "నేర్పింది ఎవరనుకున్నారు, మా ఆయన" అని కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతోంది. ఒట్టు వేయించుకున్న మనిషి ఈమేనా అనిపించింది.

గేటు దగ్గర కూర్చుని పరుల లారీల నంబర్లు రాయడం చాలించిందట. ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోస్తుందట. స్నేహితురాలు ఇల్లు మారుతోంది, సాయం చెయ్యాలని మీతో చెప్పి వచ్చిందట కదా. అందులో అబద్ధం లేదు. రేపు మొదటి సామాను ఆ స్నేహితురాలిదే. లారీ నిలపడానికి గోడౌను వెనక చోటు మాట్లాడుకుంది. కొత్తది నా దగ్గరే ఉంటుంది. దొడ్డిలో దానికి సరిపడా చోటుంది.

పాతదాన్ని మీ ఊళ్ళో ఎవరూ ఇదివరకు చూడలేదు. కాబట్టి మీ వీధికి అది కొత్త లారీయే. రేపు ఆఫీసులో ధైర్యంగా చెప్పుకోవచ్చు.

తల ఎత్తుకుని,
మీ మామయ్య

తా.క.: ఈ ఉత్తరం తెస్తున్న మనిషి కింద ఒక ముక్క రాస్తానంది. కలం ఇస్తున్నాను.

ఏవండీ, మన ఇంట్లో ఇస్త్రీ చేసేది నేనని తెలిసీ ఉత్తరాలు బనియన్ల కింద దాచారు చూడండి, ఆ తెలివితో మీ ఆసుపత్రికి మంచాలు ఎలా కొంటున్నారో నాకు తెలియదు. నాన్న ఉత్తరాలు అన్నీ చదివాను. మీరు గూఢచారికి రాసిన జవాబు కూడా అందింది. బాగుంది, దస్తూరీ నాన్నదైనా పొగరు మీదని గుర్తుపట్టాను. "ధైర్యముంటే ముఖాముఖి రండి" అన్నారు. వచ్చాను. కింద వీధిలో వినబడుతున్న చప్పుడు నాదే. హారను మోగదు, ధైర్యముంటే మీరే దిగి వచ్చి ఎక్కండి. సీటుకి ప్లాస్టిక్ కవరు లేదు.